చెయ్యి కడుక్కోని దుర్మార్గుడు

మా ఊళ్లో అందరూ చెప్పే మాట ఇది: ఆ ఏడు దుర్మార్గుడు చావలేదు, దానికి కారణం నేను. డిగ్రీ చదివిన మదంతో కథకుడితో వాదం పెట్టుకుని, చావవలసిన మనిషిని చావకుండా ఆపానట. ఆ తర్వాత ఎవరి బోరు మోటారు కాలినా ఆయన బతికి ఉండబట్టే. ఎవరి పిల్లకు సంబంధం తప్పిపోయినా ఆయన బతికి ఉండబట్టే. చంద్లాపూర్ దగ్గర రిజర్వాయరు కట్ట మీద ఒక పెద్దమనిషి ఎంగిలి చేత్తో తిరుగుతూ కనిపించాడని ఒకాయన ఒట్టేసి మరీ చెప్పాడు. ఆదివారం సాయంత్రం ఆ కట్ట నిండా మిర్చి బజ్జీలు తినేవాళ్లే. అందరివీ ఎంగిలి చేతులే. అయినా అందులో ఒక చెయ్యి మాత్రం ఎన్నో తరాల నాటిదని మా ఊరివాళ్లు గుర్తుపట్టారు!

ఇది పచ్చి అబద్ధం. ఆయన చచ్చాడు. నా ఎదుటే, మధ్యాహ్నం వేళ, పాలకేంద్రం ముందు వేసిన టెంటు కింద చచ్చాడు. నేను ఆపలేదు. ఒక్క ప్రశ్న అడిగాను. దానికి సరైన జవాబు ఇప్పటికీ ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వలేనివాళ్లు నన్ను తిట్టుకుంటున్నారు.

మా ఊరి కథ తెలియనివాళ్ల కోసం ముందు అది చెప్తాను. వెనకటికి మా ఊళ్లో ఒక దొర ఉండేవాడు. ఆయన పేరు ఎవరూ ఎత్తరు, ‘ఆ ఆయన’ అన్నట్టు ‘గాయన’ అంటారు. గాయన వాగుకు అడ్డంగా కట్ట కట్టి నీళ్లన్నీ తన పొలాలకే మళ్లించుకున్నాడు. దిగువన పశువులు నాలుకలు బయటపెట్టి చచ్చాయి. ఒక పశులకాపరి యువకుడి చిన్న చెల్లె కూడా నీళ్లు, నీళ్లు అంటూ అన్న ఒళ్లోనే పోయింది. ఆ యువకుడు బల్లెం పట్టుకుని గాయన ఇంటికి వచ్చాడు. వచ్చేసరికి గాయన అన్నం తింటున్నాడు. ఎంగిలి చేతి మీద ఉన్నవాణ్ని పొడవడం వీరధర్మం కాదు. కాబట్టి వీరుడు “తిను. నువ్వు చెయ్యి కడుక్కున్నంక పొడుస్త” అని గడపలో నిలబడ్డాడు. గాయన తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, చచ్చాడు. కట్ట తెగింది. నీళ్లు దిగువకు పోయాయి.

ఈ కథను ఏటా కోతలు అయ్యాక ఒక ఆదివారం పటం మీద చెప్పిస్తారు. పటం అంటే పొడుగాటి గుడ్డ, ఎర్రటి రంగు మీద బొమ్మలు. కథకుడు ఒక్కొక్క బొమ్మ విప్పుతూ పాడుతుంటే, పక్కన ఇద్దరు మద్దెల, తాళాలు వాయిస్తారు. చెల్లె చనిపోయే బొమ్మ దగ్గర ఎవరైనా ఏడవవచ్చు. ఏడుస్తారు కూడా, ఫోను పట్టుకుని వీడియో తీసేవాళ్లు సైతం. కానీ గాయన చచ్చే బొమ్మ ముందు ఒక పంచె కప్పి ఉంటుంది. అది తీయాలంటే గాయన కోసం ఎవరో ఒకరు ఏడవాలి. ఏడ్చే దిక్కు లేకపోతే ప్రాణం పోదట. పోని ప్రాణం ఊరి మీదే తిరుగుతుందట. ఆ ఏడ్చే హక్కు మా ఇంటిది. ఎందుకంటే మేం గాయన వంశం.

సిద్దిపేటలో ఈ సంగతి చెప్తే నవ్వుతారు. ఎవరైనా వీరుడి వంశమని చెప్పుకుంటారు గాని దుర్మార్గుడి వంశమని చెప్పుకుంటారా అంటారు. మా ఊళ్లో చెప్పుకోవడమే కాదు, దాని కోసం కొట్లాడతారు. వీరుడి వంశమని చెప్పుకునేవాళ్లు ఊరి నిండా ఉన్నారు, వాళ్లకు విలువ లేదు. గాయన వంశమంటే రెండే గడపలు: మాది, ఎదురింటివాళ్లది. మేం పెద్దవాడి సంతతి, వాళ్లు చిన్నవాడి సంతతి. ఏడుపు మిరాశి, అంటే ఆ వంశపారంపర్యపు హక్కు, పెద్ద గడపది. తరతరాలుగా మా ఇంటి కోడళ్లే ఏడుస్తూ వచ్చారు. కథ రోజున ముందు వరసలో కూర్చోబెట్టి, ఏడ్చాక మొదటి విస్తరి వాళ్లకే వడ్డిస్తారు. ఊరి సర్పంచు కూడా ఆ విస్తరి నిండేదాకా నిలబడి ఉండాల్సిందే.

మా అమ్మ ఆ మిరాశిని నిలబెట్టినట్టు ఎవరూ నిలబెట్టలేదు. “మేమున్నం” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె మొదలుపెడితే టెంటు గుంజలు కూడా చెమ్మగిల్లాయా అనిపించేది. మరి అదే మనిషి మా నాయిన పోయిన రోజు ఒక్క బొట్టు కార్చలేదు. “గాయనకు ఏడ్సి ఏడ్సి ఈయనకు మిగలలేదు” అని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. మా నాయిన అన్నం దగ్గర కోపిష్టి. ఉప్పు తక్కువైతే కంచం గోడకు తగిలేది. అందుకని అమ్మ, ఆయన ఇంకా పెరుగన్నం కలుపుతుండగానే చెంబు పట్టుకుని పక్కన నిలబడేది. ముఖంలో రంగు మారడం చూసి టక్కున చేతి మీద నీళ్లు పోసేది. చెయ్యి తడిశాక ఆయన కంచం విసిరేవాడు కాదు. ఏం నియమమో మరి!

నాకు అన్నదమ్ములు లేరు. అంటే మా ఇంటికి ఇక కోడలు లేదు. అమ్మ తర్వాత మిరాశి ఎవరికి అనేది ఎదురింటి వదినకు నిద్రలో కూడా వచ్చే ఆలోచన. అమ్మకు కూడా అదే దిగులు. నేను పెళ్లయి సిద్దిపేటలో ఉంటాను. ప్రైవేటు బడిలో సోషల్ చెప్పి, హెడ్మాస్టరుతో పడక మానేసి, ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకుంటాను. ఏడవడం నాకు రాదు. పోట్లాడటం వచ్చు.

ఆ ఏడు కథకు వారం ముందు అమ్మకు సిద్దిపేట కంటి దవాఖానలో ఆపరేషన్ అయింది. డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. కంటికి నీళ్లు తగలొద్దు, పొగ తగలొద్దు, రెండు గంటలకోసారి చుక్కల మందు వేయాలి. అమ్మ అంతా విని అడిగింది.

“ఏడ్వొచ్చునా సారూ?”

“ఎందుకమ్మా, ఎవలు సచ్చిన్రు?”

“ఇంకా సావలే. వచ్చే ఆయితారం సస్తడు.”

డాక్టరు నా వైపు చూశాడు. ఎవరో ఐసీయూలో ఉన్నారనుకున్నాడు పాపం. “చాలా పాత మనిషి సార్” అన్నాను. ఆయన మెత్తబడి, “బాధ ఉంటది, కాదనను. కని నెల రోజులు ఏడ్వొద్దు. కుట్టు లేదు గని కన్ను లోపల పచ్చిగున్నది” అన్నాడు. మా ఇంటికి వచ్చాక అమ్మ ఒకే మాట అంది: “బిడ్డా, ఈ ఏడు నువ్వు ఏడ్వాలె. లేకుంటే మన గడప సచ్చిపోతది.”

నేను పెద్ద వాదనే చేశాను. ఒక దుర్మార్గుడి కోసం ఏడ్చే హక్కు పోతే మనకు పోయేది ఏముందన్నాను. నీళ్లు బంద్ చేసి పసిపిల్లను చంపినవాడికి మనం చుట్టాలమని ఏటేటా చాటుకోవడం ఎందుకన్నాను. అమ్మ నల్లద్దాల వెనకనుంచి నా వైపు తిరిగి, “మంచోనికి ఏడ్సెటోళ్లు మస్తు మంది ఉంటరు” అని ఊరుకుంది. జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. కోపంతోనే ఒప్పుకున్నాను.

ఆదివారం వచ్చింది. అమ్మను స్కూటీ మీద తేవడం కుదరదని చింతమడక వైపు పోయే ఆటో మాట్లాడుకుని పోయాం. టెంటు కింద ముందు వరసలో అమ్మకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నల్లద్దాలు పెట్టుకుని, చెయ్యి మీద చెయ్యి వేసుకుని ఆమె ఏదో ప్రారంభోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథిలా కూర్చుంది. నేను కింద జంపఖానా మీద. నా పక్కనే ఎదురింటి వదిన. ఆమె అప్పటికే జుట్టు విప్పుకుని, కొత్త తువాలు ఒళ్లో పెట్టుకుని తయారుగా ఉంది.

“తువాలెందుకు వదినె?” అన్నాను.

“ఎందుకైనా మంచిదని. మీకు చాతగాకుంటే మేమున్నం గదా.”

“ఆ మాట ఇప్పుడే అనకు. కథల అనేటిది అది.”

వెనక బగారన్నం, మటన్ పొయ్యిల మీద ఉన్నాయి. గాయన చచ్చేదాకా డేగిశ మూత తీయకూడదని ఇంకో నియమం. ఆయన చెయ్యి కడగందే మనం చెయ్యి తడపొద్దు. వంటాయన మాటిమాటికీ టెంటులోకి తల పెట్టి, “సచ్చిండా?” అని అడిగి పోతున్నాడు.

కథ బాగానే నడిచింది. కట్ట కట్టాడు, పశువులు పోయాయి. చెల్లె పోయే బొమ్మ దగ్గర కథకుడు గొంతు తగ్గించి, “అన్నా, వాన ఎప్పుడొస్తదే?” అని ఆ పిల్ల అడిగినట్టు పాడాడు. అందరూ వెక్కివెక్కి ఏడ్చారు. వంటాయన గరిటె పట్టుకునే ఏడ్చాడు. నేను మాత్రం అమ్మ ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆమె చెక్కిన బొమ్మలా ఉంది. ఒక్క పెదవి కొన మాత్రం లోపలికి కొరుక్కుంది.

తర్వాత గాయన అన్నం తినే బొమ్మ విప్పారు. అరిటాకు ముందు గాయన, చెయ్యి నిండా తెల్లటి మెతుకులు. గడపకు ఆనుకుని వీరుడు, బల్లెం భుజాన. ఆకు పక్కన ఇత్తడి చెంబు. దాని పక్కన పంచె కప్పిన బొమ్మ. మద్దెల ఆగింది. కథకుడు చెయ్యెత్తాడు.

“చేసినదంతా చేసిండు. పోయే గడియ వచ్చింది. ఈయనకు దిక్కెవలు?”

“మేమున్నం” అన్నాను. నా గొంతు అటెండెన్సు పలికినట్టు వచ్చింది.

“ఈమె పరాయింటికి పోయింది. ఈమె ఏడ్సుడు చెల్లదు” అని వదిన లేచింది.

“పుట్టింది ఏ ఇంట్ల?” అన్నాను. “గాయన రక్తం నాల ఉన్నదా, నీల ఉన్నదా? నువ్వు కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవు. నీకూ గాయనకూ ఏం సంబంధం?”

ఊళ్లో సగం మంది నా వైపు, సగం మంది ఆమె వైపు. కథకుడు చేతులు జోడించి, “అమ్మా, ముందు ఎవలో ఒకలు ఏడ్వున్రి. పెద్ద గడప కాబట్టి ముందు అక్క ఏడుస్తది, రాకుంటే చూద్దాం” అన్నాడు.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏమీ రాలేదు. నాయినను తలచుకున్నాను, రాలేదు. హెడ్మాస్టరును తలచుకున్నాను, కోపం వచ్చింది. చివరికి బొమ్మనే తలెత్తి చూశాను. ఆ తెల్లటి మెతుకుల చెయ్యి. అంతే, ఏళ్ల తరబడి చూస్తున్న బొమ్మలో ఎన్నడూ తోచనిది అప్పుడు తోచింది. ఏడుపు తప్పించుకోవడానికి అడిగానంటారు. కావచ్చు. అయినా ప్రశ్న ప్రశ్నే.

“ఒక్క మాట” అన్నాను కథకుడితో. “చెయ్యి కడుక్కుంటే పొడుస్తనని వీరుడు చెప్పిండు గదా?”

“చెప్పిండక్కా.”

“గాయన విన్నడు గదా?”

“విన్నడు.”

“మరి ఎందుకు కడుక్కున్నడు? కడగకుంటే అయిపోతుండె గదా! ఎంగిలి చెయ్యి మీదనే బతికినన్ని రోజులు బతుకుతుండె.”

కథకుడు మద్దెలాయన వైపు చూశాడు. మద్దెలాయన తాళాలాయన వైపు చూశాడు. వాళ్ల తాతల నుంచి చెప్పుకొస్తున్న కథ. ఎవరూ ఎన్నడూ అడగలేదు.

“అహంకారమక్కా” అన్నాడు కథకుడు. “సావుకు భయపడుతనా అని కడుక్కున్నడు.”

“అహంకారమున్నోడు ఇంకింత అన్నం పెట్టుమంటడు. వీరున్ని కాళ్లు నొచ్చేదాక నిలవెడతడు.”

“ఔ, నిజమే” అన్నారెవరో వెనక నుంచి. అక్కడినుంచి ఇక నా చేతుల్లో లేదు. ఊరు రెండుగా కాదు, ఎనిమిది ముక్కలుగా చీలింది. ఒకాయన పశ్చాత్తాపం వచ్చిందన్నాడు. ఇంకొకాయన వీరుడు మంత్రం వేశాడన్నాడు. ఏటా గాజులమ్ముకోవడానికి వచ్చి, తప్పకుండా కథ వినిపోయే ముసలి బీబమ్మ మాత్రం తన గంప మీది గుడ్డ సర్దుకుంటూ, “ఎండిన మెతుకులు చెయ్యికి గుంజుతయి బేటీ. కిత్నా దేర్ బైఠ్‌తా, ఎంతసేపని కూసుంటడు? ఎవలైనా కడుక్కుంటరు” అంది. ఇప్పటిదాకా నాకు వచ్చిన జవాబులన్నింటిలో అదే కాస్త మర్యాదగా ఉంది.

“సచ్చిండా?” అని వంటాయన మళ్లీ తల పెట్టాడు.

“ఇంకా చెయ్యే కడగలే” అన్నారు అందరూ ఒకే గొంతుతో.

ఎదురింటి వదిన ఇదే అదను అనుకుంది. తువాలు ముఖానికి పెట్టుకుని, “ఓ నాయినో, మా తండ్రో” అని అందుకుంది. గాయన ఆమెకు తండ్రి ఎట్లా అవుతాడో ఆ దేవుడికే తెలియాలి. కథకుడి చెయ్యి పంచె వైపు కదిలింది. అప్పుడు కుర్చీలోంచి అమ్మ అంది:

“ఆయన కడుక్కోలే. కడిగిచ్చింది.”

వదిన ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

“ఎవలవ్వా?” అన్నాడు కథకుడు.

“ఎవలేంది? పెండ్లాం. చెంబు పట్టుకొని పక్కన నిలవడ్డది. మీదికెల్లి నీళ్లు పోస్తుంటే ఎవ్వడైనా చెయ్యి సాపుతడు. ఆలోచన చేస్తడా?”

“గట్ల మా పటంల లేదవ్వా. ఆమె బొమ్మనే లేదు.”

“చెంబు బొమ్మ ఉన్నదా లేదా?”

“ఉన్నది.”

“గది నడుసుకుంట వచ్చిందా?”

కథకుడు పటం వైపు తిరిగి, ఆ చెంబును అప్పుడే ఎవరో తెచ్చి పెట్టినట్టు చూశాడు. నాకు మా ఇంటి వసారా, పెరుగన్నం, నాయిన ముఖంలో మారే రంగు, పక్కన చెంబు పట్టుకున్న చెయ్యి, అన్నీ ఒక్కసారి కనిపించాయి. ఏదో అడగబోయాను.

అప్పుడే నా ఫోను కోడిలా కూసింది. చుక్కల మందుకు పెట్టుకున్న అలారం. రెండు గంటలకోసారి వేయాలన్నారు కాబట్టి, ఊరు ఏమైపోయినా వేయాలి. లేచి అమ్మ తల వెనక్కి వంచి, అద్దాలు కాస్త పైకెత్తి మందు వేశాను. అద్దాలు మళ్లీ పెట్టాను. మందు నిలవకుండా అద్దాల కింది నుంచి జారి, అమ్మ చెంప మీదుగా మెల్లగా గడ్డం దాకా దిగింది. టెంటు కింద ఊరంతా దాన్నే చూసింది.

“అవ్వ ఏడ్సింది!” అన్నాడు మద్దెలాయన. దెబ్బ వేశాడు. కథకుడు పంచె లాగేశాడు. బల్లెం, రక్తం, తెగిన కట్ట, నీళ్లు. గాయన చచ్చాడు.

“గది మందు! గది కన్నీళ్లు గాదు!” అని వదిన అరిచింది. “మందుకు సస్తడా? రేపు పైపు పెట్టి పోస్తరు!”

“కంట్లెకెల్లి కారిందమ్మా” అన్నాడు కథకుడు చెమట తుడుచుకుంటూ. “కంట్లెకెల్లి కారినంక అది ఏందని ఎట్ల అడుగుతం?”

“కంట్లె పోసింది కంట్లెకెల్లి కారకుంటే చెవులకెల్లి కారుతదా?”

ఈసారి నిజంగా కొట్టుకునేవాళ్లే. కానీ మద్దెల దెబ్బ విన్న వంటాయన ఎవరినీ అడగకుండా డేగిశ మూత తీసేశాడు. మటన్ వాసన టెంటులోకి వచ్చింది. న్యాయం కోసం అరుస్తున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వరస కట్టారు. వదిన కూడా జుట్టు ముడేసుకుని వచ్చింది. మొదటి విస్తరి అమ్మకే వేశారు. తింటున్నంతసేపూ ఊరివాళ్లు ఆమె చెంప వైపు చూస్తూనే ఉన్నారు, మందుకు వేరే చార ఉంటుందేమోనన్నట్టు.

మర్నాడు పాలకేంద్రం దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. కొందరు చచ్చాడన్నారు, కొందరు మందుతో చచ్చినవాడు చచ్చినట్టు కాదన్నారు. చివరికి తీర్పు చెప్పారు: ఈ ఏడు సంగతి ఎటూ తేలదు, వచ్చే ఏడు రెండు గడపలవాళ్లూ కూర్చోవాలి, ఎవరి కంట నిజమైన నీళ్లు ముందు వస్తే మిరాశి ఇకనుంచి వాళ్లదే. మందులు, చుక్కలు పనికిరావు. చావలేదన్న పుకారు అక్కడినుంచే పుట్టింది. ఎవరి ఇంట్లోనుంచి పుట్టిందో చెప్పనక్కరలేదు.

ఆ సాయంత్రం అమ్మకు అన్నం పెట్టి, చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డాను. తినడం అయింది. చెయ్యి చాపింది.

“అమ్మా, నిజం చెప్పు. నిన్న నువ్వు ఏడ్సినవా, అది మందేనా?”

“నీళ్లు పొయ్యి బిడ్డా.”

“సరే అది వదిలెయ్. గాయన పెండ్లాం సంగతి చెప్పు. ఆమెకు తెలుసా?”

“ఏం తెలుసా?”

“చెయ్యి కడిగితే సస్తడని. తెలిసి పోసిందా, తెలియక పోసిందా? చెప్పేదాక నీళ్లు పొయ్య.”

అమ్మ చెయ్యి అలాగే గాలిలో పెట్టుకుని కూర్చుంది. మెతుకులు ఎండుతున్నాయి. నేనూ అమ్మ కడుపునే పుట్టాను, చెంబు వంచలేదు. కాసేపయ్యాక అమ్మ చిన్నగా నవ్వి, “గుంజుతున్నది బిడ్డా” అంది. నాకు తెలియకుండానే నా చెయ్యి వంగింది. నీళ్లు పోశాను. ఆమె కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, టీవీ పెట్టుమంది.

ఏడాది తిరిగింది. వచ్చే ఆదివారం మళ్లీ కథ. అమ్మ కన్ను బాగైంది గాని, ఈసారి నేనే ఏడవాలని పట్టుబట్టింది. తన తర్వాత గడప నిలబడుతుందో లేదో తను ఉండగానే చూసుకోవాలట. ఎదురింటి వదిన నెల రోజులుగా తలుపులు వేసుకుని సాధన చేస్తోందని విన్నాను. చేసుకోనీ. నాకు సాధనతో పని లేదు. కావలసింది ఒక్కటే, అది తెలిస్తే గాయన కోసమో, ఆయన పెండ్లాం కోసమో, ఎవరి కోసం ఏడవాలో నాకు తెలుస్తుంది. అందుకే ఆ సాయంత్రం అమ్మను అడిగినదాన్నే మళ్లీ అడుగుతున్నాను, తెలిసినవాళ్లు ఎవరైనా సరే చెప్పండి: ఆ చెంబు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషికి, గడపలో బల్లెంతో ఉన్నవాడు కనిపించాడా, లేదా?